నిప్పుల పిల్ల ఎటు పోయింది

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ రాయడానికి ఒక పగలంతా పడుతుంది. తప్పులుంటే మన్నించండి. ఇది నా సంగతే, కానీ ‘ఆమె’ అని రాస్తేనే చెయ్యి సాగుతోంది.

శనివారం పొద్దున స్వరాజ్యం చింతపండులో గింజలు తీస్తోంది. మరిది వెంకటయ్య వచ్చి గడప మీద నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గది నాలుగు గోడలూ చూసి, “సున్నం ఏయించాలె వదినా, ఉబ్బింది” అన్నాడు. ఆ గది అతనిది. అన్న లింగం చనిపోయాక ఆరేళ్ళుగా వదినను ఉండనిస్తున్నాడు. పని పడ్డప్పుడల్లా అతనికి గోడలు కనిపిస్తాయి. ఇవాళ పనేమిటా అని స్వరాజ్యం అనుమానంగా చూసింది.

“రేపు పొద్దుగాల సురేశ్ అస్తుండు. నవతను తోల్కపోతడు. జర నచ్చజెప్పి పంపియ్యి.”

“నేనేం జెప్పాలె?”

“నీకు నేను నేర్పాల్నా? దాని చిన్నప్పటిసంది నిప్పుల పిల్ల కథ జెప్పుకుంట సాదినవు. గదే జెప్పు.”

నవత స్వరాజ్యానికి ఆలస్యంగా పుట్టిన ఒక్కగానొక్క కూతురు. సూరత్‌లోనే, ఊరి చివర ఉన్‌లో ఉండే సురేశ్‌కు ఇచ్చి అయిదేళ్ళయింది. అత్తింటివాళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మనుషులకు మెస్ నడుపుతారు. పదకొండు మందికి రెండు పూటలా రొట్టెలు, పప్పు, కూర. చేసేది నవత, మెస్ పేరు సురేశ్‌ది. మధ్యాహ్నం చీరలకు రాళ్ళు అతికే పని కూడా ఆమెదే. పది రోజుల కింద జ్వరంతో లేవలేక అరగంట ఆలస్యంగా వడ్డించింది. సురేశ్ పదకొండు మంది ముందర పప్పు గిన్నె నేల మీద బోర్లించి, “తుడువు” అన్నాడు. నవత తుడిచింది. గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. చెప్పులేసుకొని సలాబత్‌పురాలో ఉన్న తల్లి గదికి వచ్చేసింది. ఏడవలేదు. పిల్ల ఏడవకపోవడమే స్వరాజ్యానికి భయంగా ఉంది.

వెంకటయ్య వెళ్ళాక ఆమె నిజంగానే కథ మొదలుపెట్టింది. అలవాటు అలాంటిది. నవత చెప్పులు కుట్టుకుంటూ వింటోంది.

ఆ కథ ఆమె సినిమాలో చూసింది. ముప్పై ఆరేళ్ళ కిందటి ఒక ఆదివారం, కార్ఖానాకు సెలవు. మేస్త్రీ గదిలో టీవీ ఉండేది. మగవాళ్ళు లోపల చాపల మీద, ఆడవాళ్ళు బయట కిటికీ దగ్గర. తెల్లవాళ్ళ సినిమా, హిందీ మాటలు పెట్టి వేశారు. రాజుగారి వంటింట్లో ఒక పిల్ల ఉంటుంది. ఆమె చెయ్యి తగిలితేనే పొయ్యి అంటుకుంటుంది. రాజు కొడుకు ముచ్చటపడి పెళ్ళి చేసుకుంటాడు. పెళ్ళయ్యాక ఆ పిల్లకు ఒక్క పొయ్యి పోయి కోటలోని పొయ్యిలన్నీ మీద పడతాయి. మసి చేతులని అత్త పక్కన కూర్చోనివ్వదు. ఒకనాడు పిల్ల చేతులు దులుపుకొని మంచులోకి నడిచిపోతుంది. ఆమె వెనక పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. రాజు కొడుకు వణుక్కుంటూ నది ఒడ్డుకు వచ్చి పిలుస్తాడు. సరిగ్గా అక్కడ లింగం కిటికీ వైపు తిరిగి, “స్వరాజ్యం! అందరికి ఛాయ్” అన్నాడు. ఇరవై గ్లాసుల ఛాయ్ కాచి తెచ్చేసరికి టీవీలో వార్తలు వస్తున్నాయి.

“పిల్ల ఏమయింది?” అని అడిగింది.

“ఏమైతది, తిరిగొచ్చింది. పొయ్యిలన్ని ముట్టిచ్చింది. అందరు మొక్కిండ్రు” అన్నాడు లింగం. గ్లాసులు తిరిగిచ్చిన ప్రతివాడూ అదే అన్నాడు. మంచి సినిమా, పిల్ల తిరిగొచ్చింది.

ఆ ఆదివారానికి ముందే స్వరాజ్యం ఒక మూట కట్టి బియ్యం డ్రమ్ము వెనక దాచింది. నాలుగు చీరలు, అన్న రాయించి పంపిన ఉత్తరం. సోమవారం పొద్దున రైలు. సిరిసిల్లలో అన్న ఇంటి పక్కన ఆడవాళ్ళకు బడి పెట్టారని ఆ ఉత్తరంలో ఉందట. చదివి వినిపించిన పక్కింటి పిల్ల దగ్గర ఒట్టు కూడా వేయించుకుంది. పగలంతా లింగం సాంచాలకు నూలు కండెలు చుట్టడం, అతనికీ అతని తమ్ముళ్ళకూ వండడం, ‘నువ్వు ఇంట్ల ఊకెనే ఉంటవు గదా’ అనిపించుకోవడం ఇక చాలనుకుంది. కానీ ఆ ఛాయ్ గ్లాసులు కడుగుతూ ఆలోచించింది. అంత మహిమ ఉన్న పిల్లే తిరిగొస్తే, తనెంత? మూట విప్పి చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఎవరికీ తెలియదు. అప్పటినుంచి అందరికీ ఆ కథే చెప్పింది, కూతురికి మరీ ఎక్కువగా.

“నువ్వు శివరిదాంక సూడనే లేదా అమ్మా?” నవత సూది ఆపింది. “ఆగు, ఫోన్‌ల ఉంటది.”

ఎప్పటి సినిమా, ఫోన్‌లో ఎందుకుంటుందని స్వరాజ్యం నమ్మలేదు. నవత పొయ్యి, మంచు, రాణి అని ఏవేవో కొట్టింది. పావుగంటకు దొరికింది. అదే పిల్ల, అవే మసి చేతులు. “స్లొవాకియా అనే దేశందట. వాళ్ళ భాషలనే ఉన్నది, కింద ఇంగ్లీషు రాసిండ్రు. చూసినోళ్ళు ఏమంటుండ్రో తెలుసా? పండుగపూట ఏటా ఇంటిల్లిపాది కూసొని సూస్తరట. తాతల కాలం నుంచి. లక్షల మంది, పక్కా!”

స్వరాజ్యానికి అది కూడా అనుమానమే. అంతమంది, అన్నేళ్ళు, ఏం చూస్తున్నారు? ఆ దేశంలో కూడా పండుగపూట మగవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారేమో. చివరి అరగంటకు ఆడవాళ్ళను వంటింట్లోకి తరుముతారేమో. లేకపోతే ఒక పిల్ల పొయ్యిలు ఆర్పిపోయే కథను ఇంటి పెద్దలు ఏటా ఎలా పెట్టనిస్తారు?

నవత ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చెబుతోంది. రాజు కొడుకు నది ఒడ్డుకు వచ్చాడు. పిలిచాడు. పిల్ల ఒక్కసారి వెనక్కి చూసింది. అంతే, నడక మొదలుపెట్టింది. అడవి దాటింది. ఒక గుడిసె చేరి, పుల్లలు పేర్చి, మంట చేసుకొని, తన చేతులు తనే కాచుకుంది. సినిమా అయిపోయింది.

“ఇది వేరే సినిమా” అంది స్వరాజ్యం. “ఫోన్‌ల మార్చి పెడుతరట.”

“ఎవలు మారుస్తరమ్మా? బాపుకు వినవడకపోవచ్చు. చెవులు పోయినయి గదా.”

నిజమే. పన్నెండు గంటలు సాంచాల మోతలో నిలబడి లింగానికి అప్పటికే సగం చెవులు పోయాయి. హిందీ కూడా అంతంతమాత్రం. పాపం, తప్పుగా అర్థం చేసుకున్నాడు. ఆమె మనసు కొంచెం తేలికపడింది. చనిపోయిన మనిషిని తిట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

“మల్లొక్కసారి వెట్టు, కింద ఏం రాసిండ్రో సదువు.”

నవత పెట్టింది. చదవలేదు. “ఏం లేదమ్మా. నది కాడినుంచి అయిపోయేదాంక ఒక్క మాట లేదు. ఊకె గాలి చప్పుడే.”

స్వరాజ్యం ఫోన్ చేతిలోకి తీసుకొని ఆ ముక్క తనే ఇంకోసారి చూసింది. మాటలే లేని చోట వినబడకపోవడం ఏమిటి?

ఆదివారం పొద్దున వెంకటయ్య, సురేశ్ వచ్చారు. సురేశ్ స్వీటు డబ్బా పెట్టి, “అత్తమ్మా, పని మొత్తం ఆగింది. మెస్‌ల పదకొండు మంది బయట తింటుండ్రు” అన్నాడు. జ్వరం తగ్గిందా అని అడగలేదు. నవత గోడకు ఆనుకొని నిలబడింది.

“చెప్పినవా వదినా?” అన్నాడు వెంకటయ్య.

“చెప్పబోయిన. శివరిది యాదికి రాలే. ఆనాడు నువ్వు మీ అన్న పక్కనే కూసున్నవు గదా. పిల్ల ఏం జేసింది?”

వెంకటయ్య మోకాళ్ళు చరుచుకొని నవ్వాడు. ఎన్నాళ్ళకో మంచి ముచ్చట దొరికినట్టు చెప్పాడు. “గది మరుస్తనా! పిల్ల పోనే పోయింది. అందరం నోర్లు తెరుసుకొని కూసున్నం. అన్న మా దిక్కు మర్లి, ‘మీ వదిన మూట గట్టి బియ్యం డ్రమ్మెనుక వెట్టింది, అడిగితే పిల్ల తిరిగొచ్చిందనే చెప్పుండ్రి’ అన్నడు. ఎంత తెలివి మా అన్నది! నువ్వు నమ్మినవు సుత.”

నవ్వు మధ్యలో అతను ఆగాడు. గదిలో ఇంకెవరూ నవ్వడం లేదు.

నిన్నటినుంచి లింగం ఒక్కడి మీదే అనుమానపడింది. గది నిండా మగవాళ్ళు. ఆమె కాచిన ఛాయ్ తాగుతూ, ఆమె మూట సంగతి తెలిసి, ఒక్కొక్కడే గ్లాసు చేతికిచ్చి ఒకే అబద్ధం చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు వాళ్ళకు వడ్డించింది! ఆ అబద్ధం లేకపోతే తను సిరిసిల్ల వెళ్ళేది, ముప్పై ఏళ్ళు ముందే పేరు రాసుకునేది. నవత మాత్రం ఉండేది కాదు. గోడకు ఆనుకున్న కూతుర్ని చూసింది.  

స్వీటు డబ్బా తీసి సురేశ్ చేతిలో పెట్టింది. “నవత రాదు బిడ్డా. వచ్చిన కాడికి కూసొని నీళ్ళు తాగి పో.”

“వదినా, సోంచాయించి మాట్లాడు. నువ్వున్న రూము ఎవలిదో ఎరుకేనా?”

“ఎరుకే వెంకటయ్యా. నెల దినాలు టైమియ్యి, ఖాళీ జేస్తం.”

స్వరాజ్యం
వయసు అరవై మూడు
ఉండేది: కూతురు నవతతో, అద్దె గదిలో, ఆల్థాన్, సూరత్