వెనక్కి తిప్పిన తేదీ

పాపారావుగారి కంప్యూటర్ సెంటర్లో రోజూ పొద్దున్నే ఒక పూజ జరుగుతుంది. మానిటర్‌కి బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి, ఆ పొగలోనే కంప్యూటరు తేదీని 2004కి వెనక్కి తిప్పేస్తారు. యానాం అంతా 2008లో ఉంటే, ఆ యంత్రం మాత్రం నాలుగేళ్లుగా అక్కడే చతికిలబడింది. ఎందుకయ్యా అంటే, ఫోన్లకి ప్రోగ్రాములు తయారుచేసే ఆ టూలు ఆయన కొన్నది కాదు. నెల్లాళ్లు వాడి చూడమని కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చింది. తేదీ ముందుకు జరగనంతకాలం దానికి గడువు తీరదు. ఏం తెలివండీ బాబూ!

ఆ తెలివి అక్కడ కంప్యూటరు నేర్చుకుంటున్న ఎస్తేర్‌రాణి పీకలమీదికొచ్చింది. రొయ్యల వ్యాపారి అమ్మిరాజుగారు ఆమెకో మాటిచ్చారు. ఏ సైజు రొయ్య ఎంత ధర పలుకుతోందో తన కొత్త ఫోన్లో కనిపించేలా చేస్తే, ఆయన ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం ఆమెదే. చెయ్యలేకపోతే తల్లి దీనమ్మ పక్కన కూర్చుని షెడ్డులో రొయ్యలు ఒలవడమే. ఐసు నీళ్లకి నానిపోయిన తల్లి వేళ్లు తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది.

ప్రోగ్రాము రాసేసింది. తీరా నడిపిద్దామంటే తెరనిండా ఎర్రటి తప్పులే. కొత్త ఫోన్ల సంగతి ఆ పాత టూలుకి తెలిస్తేగా!

"సార్, దీన్ని తీసేసి కొత్తది వేద్దామండి. ఊరికే దొరుకుద్దండి, గడువు కూడా ఉండదు" అంది.

"నిక్షేపంలా పనిచేస్తున్నదాన్ని కదుపుతానంటావేటమ్మాయ్?" పాపారావుగారు గుండె పట్టుకున్నారు. రేపు అమ్మిరాజుగారు వస్తారని గుర్తుచేస్తే, "నీ ఇష్టం, నాకేటీ తెలీదు" అని టిఫినుకెళ్లిపోయారు.

ఆమె పాతది పీకేసి, తేదీ సరిచేసి, కొత్తది ఎక్కించింది. ఒక్క తప్పూ రాలేదు. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది పిల్లకి.

మర్నాడు సెంటర్‌కొచ్చిన అమ్మిరాజుగారు తన ఫోన్లో ఎక్కించిన ప్రోగ్రాము చూసుకుని, "బానే ఉంది గానీ, పెద్ద రొయ్య పైనుండాలమ్మాయ్" అన్నారు.

"ఎంతసేపండీ" అని మార్చి, మళ్లీ ఫోన్లోకి ఎక్కించింది. చిన్న రొయ్యే పైనుంది. మళ్లీ మార్చింది. మళ్లీ అదే! టూలేమో అంతా సవ్యంగానే ఉందంటోంది. అమ్మిరాజుగారు వాచీ చూసుకున్నారు.

అప్పుడు ఆమె కళ్లు తెర మూలకి పోయాయి. 2004!

"సార్, తేదీ మళ్లీ తిప్పేశారా?"

"పూజ మానేస్తామేటి? తిప్పకపోతే గడువు తీరిపోదూ!" పాపారావుగారు విస్తుపోయారు.

నిన్న తయారైన ప్రోగ్రాము మీద 2008 ఉంది, ఇవాళ్టి మార్పు మీద 2004. తన దగ్గరున్నదే కొత్తదనుకుని టూలు ఆమె మార్పువైపు కన్నెత్తైనా చూడలేదు. తేదీ సరిచేసి, ఆ మార్పు మళ్లీ చేసి ఎక్కించేసరికి పెద్ద రొయ్య బుద్ధిగా పైకొచ్చింది.

అమ్మిరాజుగారు ఫోను వైపు చూడనేలేదు.

"ఉండుండు. తేదీ వెనక్కి తిప్పితే గడువు తీరదా?"

"తీరదండి, కానీ..."

"మా ఆఫీసులో జమాఖర్చుల ప్రోగ్రామూ ఇలాంటిదేనమ్మా. గడువైపోయిందని మొండికేసింది. కొనమని ప్రాణాలు తోడేస్తన్నారు." ఫోను జేబులో పడేసుకున్నారు. "ఉద్యోగం నీదే. రేపట్నించి అందరికంటే ముందొచ్చి తేదీ తిప్పాలి."

"మరి ధరల ప్రోగ్రామండీ?"

"ధరలు నాకు నోటికే వచ్చు."

ఎస్తేర్‌రాణికి ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయింది. అంతలో తల్లి వేళ్లు గుర్తొచ్చాయి.

"ఆయ్, అలాగేనండి" అంది. "ఏ ఏడాదికి తిప్పమంటారు?"