ఇద్దరికీ కొత్త టైరు

ఎమ్మిగనూరు ట్రాక్టర్ పందెంలో ఒకే కంపెనీ రెండు జట్లకు సాయం చేస్తోంది: పెద్దకడుబూరు తిమ్మన్నకు, ఆస్పరి మల్లేశ్వరికి. ఎవరికీ ఎక్కువ తక్కువ చేయొద్దని కంపెనీ తన ఇంజనీరు మధుసూదన్‌కు గట్టిగా చెప్పి పంపింది.

పందెం మొదలవుతుందనగా తిమ్మన్న ట్రాక్టర్ టైరు పగిలింది. మధుసూదన్ దానికి కొత్త టైరు వేయిస్తూనే, మల్లేశ్వరి ట్రాక్టర్ కింద కూడా జాకీ పెట్టించాడు.

"నా టైరు బాగుండాది గదప్పా," అంది మల్లేశ్వరి.

"ఆయనకు ఇచ్చింది మీకూ ఇవ్వాలి కదమ్మా."

రెండు టైర్లూ బిగించేసరికి వేరే కంపెనీ ట్రాక్టర్ ఒక్కటే పరుగెత్తి కప్పు గెలిచేసింది. మధుసూదన్ కంపెనీకి ఫోన్ చేసి, మన జట్లు రెండూ సమానంగా ఓడాయని తృప్తిగా చెప్పాడు.

"వచ్చే ఏడు నేను ఆ గెలిచినోళ్ల కంపెనీకి పోతా," అంది మల్లేశ్వరి.

"నేనూ వస్తానమ్మా," అన్నాడు తిమ్మన్న.