రిస్పా పాఠం

బైబిల్లో ఒక మనిషిని చదవాలంటే నాలుగు ప్రశ్నలు చాలని జయకుమారి టీచరు నమ్మకం. పేరేమిటి, ఎవరి తాలూకు? ఏం చేసింది? అది ఎవరి చెవిన పడింది? ఈ కథలో నేనెవరిని? బుధవారం స్త్రీల కూడికలో ఈ నాలుగూ బోర్డు మీద రాసేది. వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. అయినా రాసేది. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పిన చెయ్యి, బోర్డు కనిపిస్తే ఊరుకోదు.

పోయిన నెల రిస్పా వంతు వచ్చింది. సౌలు రాజు ఉంచుకున్న మనిషి. రాజు పోయాక దేశంలో మూడేళ్లు కరువొచ్చింది. సౌలు చేసిన పాపమే దానికి కారణమని అతని సంతానంలో ఏడుగురిని కొండ మీద ఉరితీశారు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. శవాలను పాతిపెట్టలేదు. రిస్పా గోనెపట్టా పరుచుకుని అక్కడే కూర్చుంది. కోతల మొదట్నుంచి వాన పడేదాకా పగలు పక్షుల్నీ, రాత్రి మృగాల్నీ తోలుతూ కాపలా కాసింది. ఆ సంగతి విని దావీదు రాజు ఎముకలు ఏరించి పాతిపెట్టించాడు. ఆ ఏడుగురినీ ఉరికి అప్పగించింది కూడా దావీదేనన్న సంగతి మాత్రం టీచరు బోర్డు మీద రాయలేదు. దావీదు మంచివాడు, ఆయన పాఠం వేరే ఉంది.

ఏం నేర్చుకున్నామని అడిగితే "తల్లి ప్రేమండీ" అన్నారు ఆడవాళ్లంతా. ఏ పాఠానికైనా ప్రేమ అనో, విశ్వాసం అనో అంటే టీచరు సంతోషిస్తుందని వాళ్లకు బాగా తెలుసు.

వెనక వరసలోంచి కోటిరత్నం అడ్డం తగిలింది. "టీచరమ్మా, కల్లంలో వాన పడితే కొంప మునిగినట్టే గదా. మరి ఆవిడ వాన కోసం ఎందుకు కూర్చుంది?"

అందరూ నవ్వారు. కోటిరత్నం పదేళ్లుగా రైతుల కల్లాల్లో ఎండు మిరపకాయలకు కాపలా ఉంటోంది. ఆమె దృష్టిలో కాపలా అంటే మబ్బు పట్టగానే పరుగెత్తి పట్టాలు కప్పడం.

"ఆవిడ కాసేది పంటను కాదు రత్నం" అంది జయకుమారి. "వాన పడితే దేవుడి కోపం తీరినట్టు. అప్పటిదాకా శవాలు దించరు."

"అంటే దించి పాతిపెట్టిందాకా లేవలేదన్నమాట" అంది కోటిరత్నం. ఆ మాట జయకుమారికి ఎంత నచ్చిందంటే, నోటుపుస్తకంలో రాసుకుంది కూడా.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం ఆమె సంచిలోనే ఉంది. దాని మీద శవానికి కప్పే తెల్లగుడ్డ ఉంది. కోటిరత్నం కొడుకు తోమా పోయాడు. ఇరవై రెండేళ్లవాడు, తండ్రి లేని ఒక్కగానొక్క కొడుకు. సున్నం బట్టీలో పని. జయకుమారి భర్త శ్యామ్ సుందర్ అదే బట్టీలో మేస్త్రీ, ఊళ్లో సంఘపెద్ద. తోమాను పనిలో పెట్టించింది ఆయనే.

పొద్దున్నే శవాన్ని వ్యానులో కోటిరత్నం ఇంటికి చేర్చి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు.

"గుండె ఆగిందని చెప్పాం. మధ్యాహ్నంలోగా సమాధి అయిపోవాలి. ఆవిడేమో లేవనంటోంది. నీ మాటంటే వింటుంది, ఒకసారి వెళ్లు కుమారీ."

"నిజంగా గుండె ఆగిందా?"

ఆయన ఆమె మొహం చూడలేదు. "బట్టీలో రాయి కిందికి దిగకుండా పట్టేసింది. మంట ఆర్పి, చల్లారాక పైకెక్కాలి. దానికి రెండు రోజులు పడుతుంది, ఓనరు ఊరుకోడు. ఎక్కి గునపంతో పొడవరా అన్నాను. నడుముకి తాడు కూడా కట్టించలేదు. పొగ పట్టి లోపలికి తూలాడు, మంట దాకా పోకుండా పైరాళ్ల మీదే ఊపిరాడక పోయాడు. అప్పుడక్కడ నేనూ వాడూ తప్ప ఎవరూ లేరు." గొంతు తగ్గించాడు. "కేసయితే లోపల వేసేది నన్నే. ఓనర్ని కాదు."

ఆయన ఇట్లా బతిమాలడం పెళ్లయిన ముప్పై రెండేళ్లలో ఆమె చూడలేదు. సంచి అందుకుంది. ఇందులో దాచేదేముంది, మొగుడు జైలుకి పోతాడన్న భయంతోనే బయల్దేరింది.

కోటిరత్నం గుడిసె ముందు కల్లంలోంచి తెచ్చిన గోనెపట్టా పరిచి ఉంది. తోమాను దానిమీదే పడుకోబెట్టారు. పట్టా నిండా మిరప ఘాటు. వచ్చినవాళ్లు వచ్చినట్టే దగ్గుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. అందులో ఏడుపెంతో ఘాటెంతో ఆ దేవుడికే తెలియాలి. కోటిరత్నం కళ్లలో మాత్రం చుక్క నీరు లేదు. వేపమండతో ఈగలు తోలుతోంది. కాస్త దూరంలో శవపెట్టె, దాని పక్కన పాస్టరుగారు, సంఘపెద్దలు. జయకుమారి వెనకాలే వచ్చిన శ్యామ్ సుందర్ వాళ్లలో కలిసిపోయాడు.

జయకుమారి కింద కూర్చుంది. "ఎండ ముదురుతోంది రత్నం. పిల్లాణ్ణి ఇట్లా ఉంచకూడదు. ప్రార్థన చేసి సాగనంపుదాం."

"గుండె ఆగిందంట" అంది కోటిరత్నం. కొడుకు చెయ్యి ఎత్తి చూపించింది. "గోళ్లు చూడండి టీచరమ్మా. అన్నీ చితికిపోయినయ్. సందుల్లో సున్నం. గుండె ఆగినోడు గోడ గీరతాడా?"

జయకుమారి ఆ చెయ్యి అందుకుంది. ఆ వేళ్లకు పలకమీద అక్షరాలు దిద్దించింది తనే.

"పోలీసులొస్తే కోస్తారే వాణ్ణి!" అంది.

"కొయ్యనీయండి. వాడెట్టా చచ్చాడో తేలిందాకా నేను లెగవను. రిస్పా లేచిందా?"

"అది పాఠం రత్నం..."

"నాకు చదువు రాదు గదా, మీరు చెప్పిందే గుర్తుంటది. ఎవరి చెవిన పడిందీ అని మూడో ప్రశ్న. స్టేషనోళ్ల చెవిన పడాలంటే కాగితం కావాలంట. ఇక్కడోళ్లందరికీ ఆ బట్టీలోనే పని, పొద్దుటి నుంచి అడుగుతున్నా, ఒక్కరూ రాయరు. మీరు రాసిపెట్టండి."

"నేనా?"

"మరి నాలుగో ప్రశ్న మీరే పెట్టారుగా. ఈ కథలో మీరెవరు టీచరమ్మా?"

దెప్పిపొడవడానికి అనలేదు. కూడికలో సందేహం వచ్చినప్పుడు అడిగినట్టే అడిగింది. జయకుమారి తన పాత జవాబులన్నీ తలుచుకుంది. రూతు పాఠంలో తను రూతు, హన్నా పాఠంలో హన్నా. ఇన్నేళ్లూ నాలుగో ప్రశ్నకు మంచివాళ్ల పేర్లే రాసుకుంది. అప్పగించినవాళ్ల ఇంట్లో కూడా ఆడవాళ్లు ఉండే ఉంటారని, వాళ్లకూ సంగతి తెలిసే ఉంటుందని ఏనాడూ తట్టలేదు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

సంచిలో చెయ్యి పెట్టింది. తెల్లగుడ్డను పక్కకు జరిపి నోటుపుస్తకం తీసి, ఒక కాగితం చింపింది. పాస్టరుగారు దగ్గారు. శవపెట్టె దగ్గర గుసగుసలు ఆగిపోయాయి.

"చెప్పు" అంది.

పేరు తోమా. తల్లి కోటిరత్నం. బట్టీలో ఏడాదిన్నరగా పని. కోటిరత్నం చెబుతుంటే జయకుమారి రాసుకుంటూ పోయింది. గోళ్ల సంగతి రాసింది.

"పైకి ఎక్కమంది ఎవరో నాకు తెలవదు" అంది కోటిరత్నం. "అక్కడ ఖాళీ ఉంచండి. పోలీసోళ్లు రాసుకుంటారు."

కలం ఆగింది. ఆ ఖాళీ ఉంచేస్తే చాలు. అడిగేవాళ్లు లేరు, చూసింది మొగుడొక్కడే, నోరు విప్పడు. పొద్దున కాళ్లు కడుక్కోకుండా గడపలో నిలబడి బతిమాలిన మనిషి గుర్తొచ్చాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, మిరప ఘాటు అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, ఆ ఖాళీలో రాసింది.

కోటిరత్నం వేలిముద్ర కోసం బొటనవేలు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఒకసారి చదవండి, వింటాను."

జయకుమారి లేచి నిలబడి చదివింది. భర్త పేరు దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టి ఆ వాక్యం మొత్తం, కూడికలో చివరి వరసకు వినపడేలా చదివినట్టే చదివింది. శవపెట్టె పక్కన నిలబడ్డ శ్యామ్ సుందర్‌కు ప్రతి ముక్కా వినపడింది.