శాలువాలు కప్పేదాకా ఆగిన ఆకులు

ప్రొఫెసర్ చంద్రమౌళి ఎదుట ఎవరైనా శాలువా విప్పితే చాలు, ఆయన మెడ దానంతట అదే ముందుకు వంగేది. యూనివర్సిటీలో మిరప మొక్కల జన్యువుల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేయిస్తున్న పెద్దమనిషి ఆయన. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రజితకు ఆ మెడను చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. మండినా పైకి తేలనిచ్చేది కాదు. మొహం అమాయకంగా పెట్టి లోపల నవ్వుకునేది. ఆ ల్యాబులో బుర్ర ఉన్నది తనొక్కదానికే అని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మరీ తప్పు కూడా కాదు.

ఆ ల్యాబులో రెండో స్కాలర్ క్రాంతి. జనగామలో విత్తనాల దుకాణం నడిపే లక్ష్మీనర్సయ్య కొడుకు. పొలానికి కూడా ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు, బురద కనపడితే పక్కవాళ్లను దిగమనేవాడు. ల్యాబులో అతను పగలగొట్టని గాజుసామాను లేదు. అయినా ఏ పరిశోధన పత్రం చూసినా రజిత పేరుకంటే ముందు అతని పేరే ఉండేది. సారు ఎక్కడికి వెళ్లినా కారు లక్ష్మీనర్సయ్యదే, టెంటు లక్ష్మీనర్సయ్యదే, శాలువాలు కప్పేవాళ్లు లక్ష్మీనర్సయ్య ఖాతాదారులే మరి.

రజితది నర్సింహులపేట దగ్గర ఒక తండా. తండ్రి భిక్షం మిరప రైతు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది పూతంతా రాలి తోట మాడిపోతే, పచ్చి మొక్కలను తన చేతులతోనే పీకి గట్టున పారేశాడు. తండా అంతటిదీ అదే గతి. ఆ ఏడాది మగవాళ్లలో సగంమంది కూలికి హైదరాబాదు వెళ్లిపోయారు. అందుకే రజిత ఏరికోరి ఆ పురుగు మీదే పని పెట్టుకుంది.

వాళ్లు చేసే పని చెప్పుకుంటే అంత కష్టమైనదేం కాదు. ఏ మిరప మొక్కలోనైనా జన్యువులు దాదాపు అవే. ఇంట్లో బల్బులన్నీ ఉన్నా, ఏ గదిలో వెలుగుతోందో చూస్తే ఇంటివాళ్లు ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది కదా. అలాగే పురుగు పడ్డప్పుడు ఆకులో ఏ జన్యువులు లేచి పని చేస్తున్నాయో, ఏవి పడుకున్నాయో యంత్రంతో చదవాలి. చిల్పూర్ వైపు రైతులు వేసే మామూలు రకం ఒకటి, భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో పాతకాలం నుంచీ వేస్తున్న నాటురకం ఒకటి. ఈ రెండూ పురుగుతో ఎలా కొట్లాడుతున్నాయో పోల్చి చూడాలి. నాటురకంలో నిజంగా దమ్ముంటే వచ్చే వానాకాలం నర్సింహులపేట తండాలన్నీ ఆ విత్తనమే వేస్తాయి. దమ్ము లేకపోతే మళ్లీ పచ్చి మొక్కలు పీకాల్సిందే.

అయితే ఈ పనిలో తప్పకూడని నియమం ఒకటుంది. ఆకు తుంచిన మరుక్షణం దాన్ని ద్రవ నత్రజనిలో వేసి గడ్డకట్టించాలి. ఆలస్యమైతే పురుగుతో సంబంధం లేకుండా, తుంచిన గాయానికే ఆకులోని రక్షణ జన్యువులన్నీ ఉలిక్కిపడి లేస్తాయి. తర్వాత ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా, లేచింది పురుగు కొరికినందుకో మనిషి తుంచినందుకో అది చెప్పలేదు. ఈ సంగతి ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. చంద్రమౌళికీ ఒకప్పుడు తెలుసు.

చిల్పూర్‌లో పని చక్కగా సాగింది. కారణం, అక్కడ చంద్రమౌళిని ఎవరూ పట్టించుకోలేదు. చేను రైతు వీళ్లను పంటనష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లనుకున్నాడు. కాదని తెలిశాక తన పనికి తాను పోయాడు. రజిత ఆకు తుంచడం, డబ్బాలో వేయడం, మళ్లీ తుంచడం, మళ్లీ వేయడం. సారు కారులో కూర్చుని అలిగాడు.

ఆ లోటంతా భూపాలపల్లి దగ్గర తీరింది. పల్లె మొదట్లోనే డప్పులు. చేను పక్కన టెంటు, మైకు, ఎర్ర కుర్చీలు. రజిత గబగబా ఆకులు తుంచడం మొదలుపెట్టి డబ్బా మూత తీయబోతుంటే, లక్ష్మీనర్సయ్య పరుగున వచ్చి అడ్డం పడ్డాడు.

“ఆగు బిడ్డా, ఆగు. గింత మంచి పని, దేవునికి చూపియ్యకుంట డబ్బల ఏస్తరా? ముందుగాల పల్లెంల పెట్టి, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొడదం.”

రజిత సారువైపు చూసింది. సారు అప్పటికే జుట్టు సరిచేసుకుంటున్నాడు. “సంప్రదాయాన్ని గౌరవించాలి కదమ్మా” అన్నాడు. ఆకులు ఇత్తడి పళ్లెంలోకి వెళ్లాయి. పళ్లెం వేదికెక్కింది. నత్రజని డబ్బా వేదిక కిందికి వెళ్లింది.

కొబ్బరికాయ కొట్టారు. తర్వాత స్వాగతోపన్యాసం. తర్వాత శాలువాలు. ఊళ్లో ఒకరితో ఒకరికి పడని పెద్దలు చాలామంది ఉన్నారు, ఒకరు కప్పితే ఇంకొకరు కప్పకపోతే పరువు పోతుంది. ఒకాయన కప్పినప్పుడు ఫోటోగ్రాఫర్ దగ్గాడట, ఆయన శాలువా తీసి మళ్లీ కప్పాడు. పళ్లెంలో ఆకులు ఎండకు సొమ్మసిల్లి అంచులు ముడుచుకుంటున్నాయి. రజిత క్రాంతి చెవిలో గొణిగింది. “ఆకులు వాడిపోతున్నయ్ క్రాంతీ.”

“జర ఆగరాదు. మా నాయిన దోస్తు ఇంక కప్పలే.”

రజిత ఆగింది. నోరు తెరిచి సారుతో ఒక్క మాట అనలేదు. వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి వేషం చూస్తూ లోపల్లోపల కడుపుబ్బ నవ్వుకుంది. ఈ దద్దమ్మలకు ఒకటి చెప్పడం కూడానా అనుకుంది. మెడలో శాలువాలు పెరిగి పెరిగి సారు గడ్డం కనపడకుండా పోయాకే ఆకులు డబ్బాలో పడ్డాయి.

ఫలితాలొచ్చాక ల్యాబు దద్దరిల్లింది. చిల్పూర్ ఆకుల్లో రక్షణ జన్యువులు గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. భూపాలపల్లి ఆకుల్లో ఒక్కటంటే ఒక్కటి పడుకోలేదు, అన్నీ లేచి కూర్చున్నాయి.

“సైన్యం!” అని చంద్రమౌళి కుర్చీలోంచి లేచాడు. “ఆకులో సైన్యం దాగి ఉందమ్మా!”

రజిత వాటికి శాలువా జన్యువులని పేరు పెట్టుకుంది. మనసులోనే. పైకి మాత్రం సారు చెప్పినట్టే పత్రం రాసింది, రాయడం క్రాంతికి చేతకాదు కనుక. ఎవడు చదువుతాడులే అనుకుంది. వాళ్ల తెలివితక్కువతనం వాళ్లది, నా పీహెచ్‌డీ నాది అనుకుంది. క్రాంతి కరపత్రానికి ఫోటో ఇమ్మంటే, ఏ కరపత్రమని కూడా అడక్కుండా ఇచ్చేసింది.

ఆ కరపత్రం ఏమిటో తండ్రి ఫోన్ చేస్తే తెలిసింది. తండాకు ఆ నాటురకం విత్తనం వస్తోందట. లక్ష్మీనర్సయ్య దుకాణం వాళ్లు ఇంటింటికీ కాగితాలు పంచారట. దాని మీద రజిత బొమ్మ, కింద ‘మన తండా బిడ్డ కనిపెట్టిన విత్తనం’ అని పెద్ద అక్షరాలు. భిక్షం గొంతులో సంబరం ఆగడం లేదు. “ఈ సారి ఉన్న చెలకంత అదే ఏస్తున్న బిడ్డా” అన్నాడు.

రజితకు నవ్వు రాలేదు.

ఇన్నాళ్లూ చేయని పని అప్పుడు చేసింది. ల్యాబు వెనక కుండీల్లో రెండు రకాలూ పెంచుతున్నారు. రెంటి మీదా పురుగును వదిలి, ఆకులు తుంచిన వెంటనే గడ్డకట్టించి చదివింది. రెంటికీ తేడా లేదు, రెండూ ఒకే తీరుగా చేతులెత్తేశాయి. తర్వాత పురుగు పడని మామూలు రకం ఆకులు తుంచి, పళ్లెంలో పెట్టి ఎండలో వదిలేసింది. వాటిని చదివితే సైన్యం మొత్తం లేచి నిలబడి ఉంది. నాటురకంలో దమ్మూ లేదు, గిమ్మూ లేదు. ఆ ముక్క కాగితం మీదికి ఎక్కించి సారు గదికి వెళ్లింది.

చంద్రమౌళి చదివాడు. మళ్లీ చదివాడు. వేదికల మీద పత్రికల తెలుగు మాట్లాడే మనిషికి, కోపం వస్తే ఊరి మాట బయటికొస్తుంది.

“గిది మళ్ల చెయ్యమని నీకెవలు చెప్పిన్రు?”

“ఆకులు ఎండలున్నయ్ సార్. మీ సన్మానం అయ్యేదాంక.”

“నా సన్మానం తప్పంటవా?”

“ఆకులకు తెల్వదు కద సార్, గది సన్మానమని.”

ఆయన మొహం కందిపోయింది. కాగితాన్ని మడిచి సొరుగులో పడేశాడు. గొంతు తగ్గించి, మళ్లీ పత్రికల తెలుగులోకి వచ్చాడు. “నీ థీసిస్ మీద సంతకం పెట్టేది నేను. అది మాత్రం మరచిపోకు తల్లీ.”

వసారాలో క్రాంతి ఎదురుపడ్డాడు. “బస్తాలన్ని మా గోదాముల దిగినయ్ రజితా. ఇప్పుడు గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల? మీ తండా కోసమే కద” అన్నాడు. అతని చొక్కా మడత కూడా నలగలేదు. రజితకు ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు, బస్సెక్కింది.

విత్తనాల పంపిణీ రోజు తండా బడి ముందు టెంటు వేశారు. రజిత తండ్రిని వెతికి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. తండ్రీకూతుళ్లు ఎప్పటిలాగే తండా భాషలో, లంబాడీలో, మాట్లాడుకున్నారు.

“బాపూ, గా ఇత్తనం ఏయకు. సారు మాట నమ్మకు.”

భిక్షం పకపకా నవ్వాడు. “సారు మాట ఎవడు నమ్మిండు? అసొంటోళ్లను ఎంతమందిని చూడలే. యాడాదికొకడొస్తడు, డబ్బ కొట్టుకుంటడు, పోతడు. గా దుకాణమాయన మాటైతె కుక్క గూడ నమ్మది.”

“మరి ఎందుకేస్తున్నరు?”

“నువ్వున్నవ్ గద బిడ్డా.” భిక్షం జేబులోంచి కరపత్రం తీసి చూపించాడు. మడతల దగ్గర చిరిగిపోయేంతగా అందరికీ చూపించినట్టున్నాడు. “ఎనుకటి తీరుగ ఎవలో చెప్తే తండా ఏస్తదా? మన రజిత చదువుకున్నది, మన రజిత చూసింది, ఉత్తగ పేరు పెట్టదు అన్నరు. హైదరాబాద్‌ల కూలికి పోయినోళ్లు గూడ వాపస్ వచ్చిన్రు.”

రజిత టెంటువైపు చూసింది. నిజమే, పోయినవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. చంద్రమౌళిని ఈ తండాలో ఎవరూ లెక్కచేయడం లేదు, క్రాంతిని అసలే లెక్కచేయడం లేదు. అబద్ధం ఇక్కడిదాకా నడిచి వచ్చింది రజిత కాళ్ల మీదే.

వేదిక మీద చంద్రమౌళి ఆకులో సైన్యం గురించి చాలాసేపు చెప్పాడు. చివర్లో “ఈ తండా ముద్దుబిడ్డ రజిత రెండు మాటలు మాట్లాడుతుంది” అని మైకు ఆమె చేతికిచ్చి, చెవి దగ్గర “రెండే” అన్నాడు.

రజిత తండా భాషలో మొదలుపెట్టింది. ఈ విత్తనంలో ఏమీ లేదని చెప్పింది. మామూలు రకం మాడితే ఇదీ మాడుతుందని చెప్పింది. పళ్లెం సంగతి, ఎండ సంగతి, ఒకాయన శాలువా తీసి మళ్లీ కప్పిన సంగతి, ఏదీ దాచలేదు. చంద్రమౌళికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. తనను పొగుడుతోందనుకుని మధ్యమధ్య తల ఊపాడు, చప్పట్లు కూడా కొట్టాడు. లక్ష్మీనర్సయ్యా, క్రాంతీ కూడా అర్థం కాకపోయినా ఆయనతో కలిసి కొట్టారు. ఆ ముగ్గురే కొట్టారు.

ఆమె ఆపింది. మాట్లాడుతున్నంతసేపూ వేదిక మీది ముగ్గురినీ చీపురుపుల్లల్లా తీసిపారేస్తున్నానన్న సంతోషం ఆమెలో లేకపోలేదు. తండా అంతా లేచి వాళ్ల మీద పడుతుందనుకుంది. ఎవరూ లేవలేదు. ముందు వరసలోంచి భిక్షం ఒక్కడే లేచాడు.

“ఆకులు వాడిపోతుంటే నువ్వు ఆడనే ఉన్నవా?”

“ఉన్న బాపూ.”

“సారుకు చెప్పినవా?”

“లేదు.”

“మరేం చేసినవ్?”

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. రజిత దాన్ని కిందికి దించింది. అబద్ధం చెప్పడానికి తండ్రి మొహం చూస్తే వీలు కాలేదు.

“నవ్వుకున్న” అంది.

భిక్షం ఆమె వైపు చూశాడు. సారు గురించి మాట్లాడినప్పుడు అతని మొహంలో ఏ చిన్నచూపు ఉందో, ఇప్పుడు కూతురి మీద నిలిచింది అదే.

“గా సారు శాలువలల్ల మునిగి చూడలే. నువ్వు చూసినవ్” అన్నాడు. “ఆయన కన్న నువ్వు నయమని ఎట్ల అనుకున్నవ్ బిడ్డా?”

చంద్రమౌళి పక్కనుంచి నవ్వు మొహంతో “ఏమంటున్నారమ్మా మీ నాన్నగారు? సంతోషిస్తున్నారా?” అని అడిగాడు. బస్తాలు విప్పకుండానే జనం ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లిపోతున్నారు, వాళ్లలో భిక్షం అందరికంటే ముందు నడుస్తున్నాడు.