మొదట పరుగెత్తేవాడు

జర్మనీలో ఎర్ఫ్ట్ నది ఊళ్లోకి వచ్చి వెళ్లిన ఏడు మొదలైంది ఈ గొడవ. నీళ్లు రెండ్రోజుల్లో దిగిపోయాయి గానీ హాకీ మైదానాన్ని బురద తినేసింది. అందుకని ఊరి క్లబ్బు కుర్రాళ్లు ఆకురాలే కాలమంతా, చలికాలమంతా బడి హాల్లోనే చెక్కనేల మీద ఆడారు. వసంతం వచ్చినా వాళ్లకి ఆకాశం రాలేదు.

యోస్ట్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్లు. అవతలివాళ్ల తప్పుకి పెనాల్టీ కార్నర్ దక్కి, గోలుమీదికి విసిరే వీలొచ్చిందంటే బంతి వాడిదే. కర్ర వంపులో బంతిని పట్టి, నేలమీద ఈడ్చి విసిరాడంటే గోల్‌కీపర్ చెయ్యి లేచేలోపే వల అదిరేది. దేశపు కుర్రాళ్ల జట్టుకి మనుషుల్ని ఏరే ల్యూడర్ వాడిమీద కన్నేశాడు. "మే నెలలో మాన్‌హైమ్ శిబిరానికి రా. కార్నర్ విసిరేవాడు ఒక్కడు కావాలి నాకు" అన్నాడు. ఊరంతా వాడి వీపు తట్టింది.

ఏప్రిల్‌లో పక్క ఊరివాళ్లు తమ మైదానం వాడుకోమన్నారు. తొలిరోజే కార్నర్లు మొదలుపెట్టారు. అవతల గోల్లోంచి బంతిని ఆపడానికి మొదట పరుగెత్తేవాడు సెవెరిన్. యోస్ట్‌తోపాటు చిన్నప్పటినుంచీ ఆడినవాడు. హాల్లో కార్నర్ అంటే కాపు కాసేవాళ్లంతా గోలుకి ఒక పక్కన నిలబడాలి. బయట అలా కాదు, గోల్లోంచే రావాలి. నెలల తరబడి హాల్లో ఆడిన కాళ్లు సెవెరిన్‌ని తీసుకెళ్లి గోలు పక్కన నిలబెట్టాయి. కోచ్ హార్ట్‌మూట్ చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన కళ్లకీ అదే అలవాటు మరి.

ఈల మోగింది. సెవెరిన్ పక్కనుంచి ఐమూలగా వచ్చాడు. యోస్ట్ విసిరాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

సెవెరిన్ మోకాలిచిప్ప రెండు ముక్కలు. నడుస్తాడన్నారు డాక్టర్లు. ఆట మాట అడిగితే చూద్దామన్నారు.

ఆనాటినుంచి యోస్ట్‌ని ఒక్కటే తొలుస్తోంది. సెవెరిన్ పక్కనుంచి రావడం తను చూశాడా, చూడలేదా? ఓసారి చూశాననిపిస్తుంది. ఓసారి, చూసి ఉంటే చెయ్యి ఆగేది కదా అనిపిస్తుంది. ఈలోగా చెయ్యి నిజంగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. ఎదుట ఎవరూ లేకపోతే బంతి పైమూలకి పోతుంది. మనిషి పరుగెత్తుకొస్తే మాత్రం నేలలోకి కొట్టుకుంటుంది.

"మణికట్టు చూపించుకో అబ్బాయ్," అన్నాడు హార్ట్‌మూట్. చూపించుకున్నాడు. మణికట్టు ఇనుప ముక్కలా ఉందన్నారు.

శిబిరంలో తొలి ఆటలో కార్నర్ వచ్చింది. యోస్ట్ వంగి, ఈడ్చి, ఆఖరి క్షణంలో బంతిని పక్కవాడికి తోసేశాడు. రెండోదీ అంతే. ల్యూడర్ వేలు ఆడించి పిలిచాడు.

"పక్కకి ఇమ్మని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"మరెందుకిచ్చావు? భయమా?"

"తెలీదండీ."

"తెలీదు, తెలీదు! ఊరినుంచి 'తెలీదు' మూటగట్టుకొచ్చావా? రేపు పొద్దున ఆఖరి సాధన. విసిరితే జట్టులో ఉంటావు. లేదంటే మధ్యాహ్నం రైలుంది."

సాయంత్రం అందరూ బంగాళదుంప అట్లు యాపిల్ గుజ్జులో అద్దుకు తింటుంటే యోస్ట్ మెట్లమీద కూర్చుని సెవెరిన్‌కి ఫోన్ చేశాడు.

"ఏరా దేశభక్తా! ఊళ్లోవాళ్లం గుర్తున్నామా?"

"ఒకటడుగుతా, తిట్టకు. ఆరోజు నిన్ను చూసే విసిరానా?"

"నన్నడుగుతావేంట్రా? కళ్లు నీవి, మోకాలు నాది."

"నాకు తెలీటంలేదురా."

"నేను అక్కడెందుకు నిలబడ్డానో నాకు మాత్రం తెలుసా? మా అమ్మ రోజూ అడుగుతుంది, గాడిదలా పక్కన నిలబడ్డావేరా అని. ఏం చెప్పను?" ఫోన్లో చెంచా చప్పుడైంది. "అటువైపు నిలబడి ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"లేదు. ఎప్పుడూ విసరడమే కదా."

"అటునుంచి విసిరేవాడి మొహం కనపడదు. వంగిన వీపు, కర్ర, అంతే. నువ్వో ఇంకెవడో తెలీదు. తెలిస్తే ఏ వెధవైనా పరుగెత్తుతాడా? ఫోన్ పెట్టు, నా సూప్ చల్లారుతోంది."

యోస్ట్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అడిగినదానికి జవాబు దొరికిందో లేదో గానీ, అటువైపు నిలబడి చూశావా అన్న మాట మాత్రం వాడి చెవిలో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున మైదానం మీద నీళ్లు చల్లడం అయ్యీ అవకముందే ల్యూడర్ ఈల పట్టుకుని వచ్చాడు. విసిరేచోట యోస్ట్ లేడు. ముఖానికి తొడుగు, మోకాళ్లకి గట్టి పట్టీలు కట్టుకుని గోల్లో, మొదట పరుగెత్తేవాడి చోట నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, నీ చోటు అది కాదు!"

"తెలుసండీ."

"అక్కడ నిలబడితే విసిరేవాడుగా నీ పేరు రాయను. రైలు గుర్తుందా?"

"మధ్యాహ్నం కదండీ. అందాకా పరుగెత్తుతాను."

ల్యూడర్ ఇంకొకణ్ణి విసరమన్నాడు. ఎదుట ఒక వీపు వంగింది. ఎవరిదో యోస్ట్‌కి తెలీలేదు. బంతి కదలగానే వాడు గోల్లోంచి తిన్నగా పరుగెత్తాడు.