నాలుగూ ముప్పై అయిదు బస్సు

చలి తగ్గి, దుప్పట్లు ఉతికి అటకెక్కించిన మర్నాడు, గడియారం తన బల్ల ముందు కూర్చుని కాగితం మీద స్కేలుతో గీతలు గీశాడు. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసిన మనిషి. తల్లి పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. వీధంతా గడియారం అనే పిలుస్తుంది, పలుకుతాడు. పోయినేడు తను రిటైరయ్యాడు గాని చేతివాచీ ఇంకా డ్యూటీలోనే ఉంది.

కాగితం పైన “సముద్రం దగ్గర హాయిగా నాలుగు రోజులు” అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

కూతురు భుజం మీంచి తొంగి చూసింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, తొంగి చూడటం ఆమెకి అలవాటే.

“ఆరూ పదికి లేవడం. ఆరూ ఇరవై అయిదుకి అలల్ని చూడటం. ఏడూ అయిదు నుంచి ఇరవై నిమిషాలు ఏమీ చేయకపోవడం,” అని చదివి ఆగింది. “నాన్నా, ఏమీ చేయకపోవడానికి ఇరవై నిమిషాలు సరిపోతాయా?”

“సాయంత్రం ఇంకో అరగంట వేశాను, చూడు.”

పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. గడియారం భార్య కర్టెన్లు కుడుతుంది. మూడు వీధుల కిటికీల కొలతలు ఆవిడకి నోటికొచ్చు.

“మిషను కింద ఇటుకలు పెట్టండి,” అంది తల తిప్పకుండా. “వాసనొస్తోంది.”

ఆ ఇంట్లో ప్రయాణం కాగితమ్మీద పడగానే సముద్రం వస్తుంది. మొదట చాపల్లో ఉప్పు వాసన, తర్వాత గోడ వారన చెమ్మ. మర్నాటి నుంచీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గదుల్లోకి నీళ్ళు. ఆవిడ తల్లి ఉన్న రోజుల్నుంచీ అంతే. ముసలావిడ మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని, “వచ్చేశావా? ఉండు మరి, సర్దుకోవద్దూ!” అని నీళ్ళని కసురుకునేది. అందరూ బయల్దేరి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేసరికి ఇల్లు పొడిగా, నేల మీద సన్నటి ఇసుకతో ఉండేది. ఆ ఇసుక ఎత్తి డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా గిన్నెలు తోముకోవడానికి వచ్చేది.

తొమ్మిదేళ్ళుగా సముద్రం తన పని తను చేస్తూనే ఉంది. వీళ్ళే వెళ్ళడం లేదు. ప్రతి వసంతంలోనూ గడియారం కాగితం వేస్తాడు. మూడో రోజున ఆవిడ, “కర్టెన్ల పనుంది, ఈసారి కాదులెండి,” అంటుంది. నీళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోతాయి. బీరువా కాలి మీద ఏడాదికో ఉప్పు గీత. మొదటిది మోకాలెత్తున ఉంది. తర్వాత్తర్వాత కిందికి, ఇంకా కిందికి. ఈ ఏడాది రెండు రోజులైనా కాలివేళ్ళు తడిశాయంతే.

“దీనికీ విసుగొచ్చినట్టుంది,” అంది కూతురు గీతలు చూస్తూ. “వచ్చే ఏడాది రాదేమో.”

గడియారం పెన్సిలు చెక్కుతున్నవాడల్లా ఆపేశాడు.

కింది వాటా మాస్టారు గొడుగు వేసుకుని పైకొచ్చారు. బయట వాన లేదు. తమ వంటింట్లోంచే వేసుకొచ్చారు.

“ఏమ్మా, ఈసారైనా వెళ్తున్నారా, ఊరికే నా సీలింగు తడపడమేనా? నిన్న పీత ఒకటి సరాసరి నా పరీక్ష పేపర్ల మీద పడింది.”

“దిద్దిందా మాస్టారూ?” అంది కూతురు.

“నా కంటే నయంగా! ఒక్కణ్ణీ ఫెయిల్ చెయ్యలేదు.”

అందరూ నవ్వారు. మిషను ముందున్న మనిషి నవ్వలేదు.

తొమ్మిదేళ్ళ కింద, సముద్రం ఒడ్డున చివరి రోజు, అందరూ సంచులు పట్టుకుని లేచారు. ముసలావిడ ఒక చెప్పుని అల లాక్కుపోయింది. ఆవిడ మళ్ళీ ఇసుకలో కూర్చుంది.

“అదే తెచ్చిస్తుంది. ఓ పది నిమిషాలు ఉందాం, అబ్బాయ్.”

“నాలుగూ ముప్పై అయిదు బస్సు పోతుంది అత్తయ్యా, పదండి,” అన్నాడు గడియారం. ఆ బస్సు వేళ వేసింది తనే.

తీరా స్టాండుకి వెళ్తే బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలూ ముసలావిడ బెంచీ మీద ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా కూర్చుంది. కాలికున్న ఇసుకని వేలితో రాల్చుకుంది. ఆ ఏడు వానలు పడకముందే పోయింది. మిగిలిన చెప్పు కుట్టుమిషను సొరుగులో ఉంది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ అలవాటు ప్రకారం, “ఈసారి కాదులెండి,” అంది. గడియారం తలూపాడు. నీళ్ళు వెనక్కి మళ్ళాయి. వంటింట్లోంచి ముందుగదిలోకి, అక్కణ్ణుంచి మెట్ల వైపు.

మిషను కాలి దగ్గర ఏదో తగులుకుని ఆగింది. ఆవిడ కర్టెను పక్కన పెట్టి వంగింది. గోధుమరంగు చెప్పు. పట్టీకి అమ్మ తన చేత్తో వేసుకున్న తెల్లదారం కుట్టు, పెద్ద పెద్ద వంకర కుట్టు. ఈవిడ దర్జీ అయినా సరే, అమ్మ తన చెప్పు తనే కుట్టుకునేది.

ఆవిడ సొరుగు లాగి రెండోది తీసింది. రెండూ నేల మీద పక్కపక్కన పెట్టి కాళ్ళు దూర్చింది. కాస్త పెద్దవి. తల్లి చెప్పులేసుకున్న చిన్నపిల్లలా రెండడుగులు టపటపా వేసి, బల్ల దగ్గరికొచ్చింది.

“ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి.”

తొమ్మిదేళ్ళలో మొదటిసారి పై నుంచి కింది దాకా చదివింది. చివరి రోజు దగ్గర వేలు ఆగింది. 4.25 – అత్తయ్య కూర్చోవడం, పది నిమిషాలు. 4.35 – బస్సు.

“ఇదెప్పుడు వేశారు?”

“ఏటా వేస్తూనే ఉన్నాను. నువ్వే అంతవరకూ చదవలేదు.” ఆయన వాచీ వైపు చూడబోయి మానుకున్నాడు. “ఆ రోజు ఆగాల్సిందోయ్.”

“అవును, ఆగాల్సింది,” అందావిడ.

మెడలో వేలాడుతున్న టేపు తీసి బల్ల మీద పడేసింది. బట్ట మీద గుర్తులు పెట్టే నీలం సుద్ద తీసుకుని, బస్సు ఉన్న వరుస మీద అడ్డంగా గట్టిగా ఒక గీత గీసింది.

“మరి తిరిగి రావడం?” అన్నాడు గడియారం. గొంతులో నిజంగానే భయం.

“లేవాలనిపించినప్పుడు లేస్తాం.”

కూతురు అప్పటికే అటక మీంచి సంచులు కిందికి విసురుతోంది. గడియారం చేతివాచీ విప్పి, చెప్పు ఖాళీ చేసిన సొరుగులో పెట్టి మూశాడు.

సంచులతో దిగుతుంటే మాస్టారు తన గుమ్మంలో గొడుగు మూసి నీళ్ళు విదిలిస్తున్నారు. కింది మూడు మెట్లూ ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. సముద్రం వెళ్ళిపోలేదు. ఎవరి కోసమో ఆగినట్టు మెట్టుకి ఆనుకుని మెల్లగా కదులుతోంది.

“ఎప్పుడొస్తారు గడియారంగారూ?”

గడియారం అలవాటుగా మణికట్టు తిప్పి చూసుకున్నాడు. అక్కడ వాచీ ఉండాల్సిన చోట తెల్లటి చార ఉంది.

“తెలీదండీ,” అన్నాడు. అని, తనే ఆశ్చర్యపోయి, భార్య వెనకే నీళ్ళలోకి దిగాడు.