పెళ్లికారుకు కట్టిన తీగలు

గాలివానకు గోపాల్‌పూర్ దారిలో కరెంటు స్తంభాలు పడిపోయి రెండు రోజులైంది. సరిగ్గా తమ్ముడి పెళ్లినాడే జనరేటరు కూడా మొరాయించేసరికి దుర్గాభవానికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇన్వర్టరు బ్యాటరీ అడుగంటింది. పెరటి తొట్టెల్లో పంపు ఆగి గాలి బుడగలు నిలిచిపోతే రొయ్యపిల్లలు గంటలో చచ్చి తేలిపోతాయి. ఆడదానికి రొయ్యలెందుకని నవ్విన ఊళ్లో ఆమె సొంతంగా పెంచిన మొదటి పంట అది.

ఇంతలో బంతిపూల కారు గుమ్మంలోకొచ్చింది. పెళ్లికొడుకు పింటు బాసికం సర్దుకుంటూ అందులో ఎక్కాడు. దుర్గాభవాని ఇంకేమీ ఆలోచించలేదు. బానెట్టు ఎత్తించి, కారు బ్యాటరీకీ ఇన్వర్టరుకీ మందపాటి తీగలు బిగించింది. ఇంజను ఆపొద్దని డ్రైవరుకు చెప్పింది. తొట్టెల్లో బుడగలు లేచాయి.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పెళ్లికారుకి తీగలు కట్టేవేటే?" తల్లి గురువమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒరే పింటూ, దిగి ఆటో ఎక్కు."

"ఆడపెళ్లోలు పానకమిచ్చి దించీదాకా నేల మీద కాలెట్టొద్దని ఇప్పుడే సెప్పేవు కదమ్మా!" పింటు అక్కను చూపిస్తూ హాయిగా వెనక్కి వాలాడు. "తాళికి మూడో ముడి అప్ప ఎయ్యాల. అప్ప రాకుండా నేనెల్లను."

గురువమ్మ ఏడుపుగొంతుతో బరంపురం ఫోను చేసింది. అరగంటలో వియ్యంకుడు సూరయ్య జీపులో దిగాడు, వెనకే బాజాలవాళ్లు. నలభై ఏళ్లుగా చేపల వ్యాపారం చేస్తున్న మనిషి, కోపిష్టి. తన మూలాన సంబంధం చెడిపోతుందేమోనని దుర్గాభవాని భయపడింది.

సూరయ్య తొట్టెలోకి వంగి చాలాసేపు చూశాడు. గిరుక్కున తిరిగాడు.

"ఆపండ్రా బాజా! రొయ్యపిల్లలు బెదిరిపోతాయి."

బాజాలు ఆగాయి.

"తీగలు నా జీపుకి మార్చండి. నా డ్రైవరు కాపలా ఉంటాడు. అల్లుడికి పానకమియ్యండి. నువ్వేటమ్మా అలా సూస్తావు? ముందు కారెక్కు."

దుర్గాభవాని కళ్లు తుడుచుకుంటూ ఎక్కింది. చేతులు కడుక్కోవాలని కూడా తోచలేదు.

పెళ్లిలో మూడో ముడి వేస్తుంటే పసుపుతాడుకు నల్లగా గ్రీజు అంటుకుంది. పొద్దుట్నించి తల వంచుకుని కూర్చున్న పెళ్లికూతురు పావని అప్పుడు మెల్లగా నోరు విప్పింది.

"వదినా, రొయ్యలు బతికేయా?"

"బతికేయే తల్లీ. ఇప్పుడే డ్రైవరు ఫోను చేసేడు," అంటూ దుర్గాభవాని ముడి గట్టిగా బిగించింది.